ధరావతుగా బెట్టిన కాసులపేరు

శ్రావణ శుద్ధపక్షము నిండవచ్చుచుండెను. తూర్పుసముద్రమునుండి లేచివచ్చు నీలజలధరపంక్తులు దినమునకు బలుమాఱులు కాకినాడ పట్టణముపై గ్రమ్ముకొనియు నొక్కమాఱైన గడుపార గురియక పౌరుల నూరించి పోవుచుండెను. ఉప్పుగాలి సోకిన సౌధకుడ్యములు చెమ్మగిల్లి సున్నమును బెచ్చులుగా రాల్చుచుండెను. కాలువలో దెరచాపలు దించుకొన్న పడవలు కదలక మెదలక పడియుండ వీథులయందు మాత్రము మఱునాటి వరలక్ష్మీవ్రత సంరంభము పట్టనలవిగాక పొంగుచుండెను. చేమంతిపూల గంపలవారును దమలపాకుల మోపులవారును గొంతు చించుకొని యఱచుచుండ బేరమాడుటయు భక్తిలో నొక భాగమని నమ్మిన యిల్లాండ్రు మూరెడు పూలకై వీథి వీథియు గాలించుచుండిరి. ఆ గురువారపు సాయంకాలమున నిట్టి కోలాహలమేదియు జెవినిబడక యొక పెరటివాటా గడపయందు నిలువబడి యొక యువతి ముందువాటావైపు ఱెప్పవేయక చూచుచుండెను.

ఆమె పేరు మాణిక్యాంబ. సుంకపు కచ్చేరిలో గుమస్తాగా నున్న అనంతరామయ్య భార్య. మూడేండ్లుగా నా దంపతు లా యింటి వెనుకవాటాలో నద్దెకుండిరి. ముందువాటాలో నింటి యజమానియగు జోగినాథముగారును నాయన భార్య సుభద్రమ్మయు గాపురముండిరి. అనంతరామయ్యకు భీమునిపట్నమునకు బదిలీ యయ్యెను. సోమవారము నాటికచ్చట బనిలో జేరవలసియుండుటచే శనివారము వేకువబండికి బయలుదేరుట నిశ్చయింపబడెను. గిన్నెలును జాపలును గోనెసంచులకెక్కెను. పాలవాని బాకీయు జాకలిపద్దును దీఱెను. తీఱనిదొక్కటియే యుండెను. మాణిక్యాంబ తల్లి కన్నుమూయుటకు ముందు కూతునకిచ్చిన కాసులపే రద్దెకు హామీగా ధరావతుపేర జోగినాథముగారి పెట్టెలో నుండెను. దానిని దిరిగి యిమ్మని యడుగబోయిన భర్త యింకను రాలేదు.

ఆ సొమ్ము చేతికి రానిచో వారి ప్రయాణమే సాగదు. భీమునిపట్నమున మిత్రుడొకడు చూచిపెట్టిన యింటివారును ధరావతు చేతబడినగాని తాళము దీయమని కబురంపియుండిరి. గుమస్తా జీతములో బియ్యము కొన్న పిమ్మట మిగులునది పప్పునకే చాలదు గదా! ఆ దంపతులకు నిలువనీడ యనునది యా కాసులపేరే. అది యున్న యూరనెల్ల నిల్లుండును. అది లేకున్న గోనెసంచులతో సత్రమునకు బోవలసినదే.

ఆ నగ యజమానుని యింటికి జేరిన విధమును దలచుకొన్నప్పుడెల్ల మాణిక్యాంబకు దనమీద దనకే కోపము వచ్చుచుండెను. మూడేండ్ల క్రిందట దానిని దీసికొని ముందువాటాకు బోవుచు నొట్టిచేతితో బంగారమునిచ్చిన దాకట్టుకొట్టునకు బోయినట్లుండునని యామె సిగ్గుపడెను. లోకమున నప్పుచేయుటకు వెనుదీయని పెద్దయిండ్లవారును దాకట్టనిన దలవంచుకొందురు. కావున నామె యిత్తడిపళ్ళెరమున బసుపు కుంకుమలును దాంబూలమును నమర్చి నడుమ గాసులపేరునుంచి సుభద్రమ్మకు బొట్టుపెట్టి వినయముతో నందిచ్చి పాదములకు మ్రొక్కి వచ్చెను. చీటి యొకటి వ్రాయించుకొనవలదా యని భర్త యడిగినపుడు ముత్తైదువల నడుమ గాగితములేల యని యతనినే కసరెను. ఆనాడు మర్యాదగా దోచిన పని యీనాడు మతిమాలిన పనిగా దోచుచుండెను. పసుపు కుంకుమలతో బళ్ళెరమునబెట్టి యిచ్చునది కానుకగాని ధరావతు కాదని యెవరైన ననిన దానేమి బదులు చెప్పగలదు?

అంతలో ననంతరామయ్య తిరిగివచ్చెను. వెంట జోగినాథముగారును జేతికఱ్ఱతో వచ్చిరి. ఆయన వాటా యంతయు గలయదిరిగి కఱ్ఱకొనతో గోడలను దట్టుచు వైద్యుడు రోగిపొట్టను దట్టి చూచినట్లు తలయూపసాగిరి.

“అనంతరామయ్యా, ఈ మేకు మీరు వచ్చినపుడు లేదు.”

“చిత్తము. పంచాంగము దగిలించుకొనుటకు గొట్టితిని.”

“పంచాంగమునకు మేకు వలయును సరే. మేకునకు నా యనుమతి వలదా? వంటయింటి గోడ చూడుము. కాటుక పట్టినట్లున్నది.”

తలుపుచాటున నిలిచిన మాణిక్యాంబకు బొంగివచ్చిన మాట యాగలేదు. “పొయ్యి వెలిగించిన యింట బొగ రాకుండునా బాబయ్యగారూ? మూడేండ్లును బస్తుండవలసినదా?” అనెను.

జోగినాథముగారు తలుపువైపు జూడక పైకప్పువైపు జూచుచు గంభీరముగా నిట్లనిరి. “ఆదివారము క్రొత్తవారు పాలు పొంగించుకొనుటకు వచ్చుచున్నారు. వారికీ వాటా నప్పగింతునని మాట యిచ్చితిని. ఈలోగా నన్నియు లెక్కచూడవలెను. రేపు శుక్రవారము. అందులోను వ్రతము. లక్ష్మిని గడప దాటింపరాదు. మీ ధరావతు సంగతి యెల్లుండి చూతము.”

ఇచ్చెదననలేదు. ఇయ్యననలేదు. చూతమని కఱ్ఱ తాటించుకొనుచు వెడలిపోయిరి. ఎల్లుండి వేకువనే రైలని యనంతరామయ్య నోరుదెఱచునప్పటికి ముందువాటా తలుపు మూతపడెను. అతడు భార్యవైపు దిరిగి “పెద్దవారు. ఇయ్యకపోవుదురా” యని తన్నుదా నోదార్చుకొనెను. మాణిక్యాంబ కట్టిన మూటనే విప్పి మరల గట్టసాగెను. ఆమె చేతులకు బని కావలసియుండెను.

మఱునాడు సాయంకాలము ముందువాటాలో బేరంటము. రానని యనరాదు. వెళ్ళుటకు మనసొప్పదు. తుద కామె యుతికిన చీరగట్టుకొని మెడలో నల్లపూసలు మాత్రము సవరించుకొని వెళ్ళెను. చావడి నిండ వీథిలోని ముత్తైదువలు కూర్చుండియుండిరి. ధూపముచేతను మల్లెల వాసనచేతను గాలి బరువెక్కియుండెను. తూర్పుగోడచెంత బీటపై గలశరూపమున నమ్మవారు కొలువుదీఱియుండెను. కొబ్బరికాయపై దీర్చిన కన్నులును ముక్కుపుడకయు బట్టురవికయు దీపకాంతిలో వింతగా బ్రాణము పోసికొన్నట్లుండెను. కంఠమున నొక కాసులపేరు తళతళలాడుచుండెను.

మాణిక్యాంబ యొక్కచూపుననే దానిని గుర్తించెను. చివర మూడవకాసు కొలికి తెగిపోగా దన తల్లి పచ్చపట్టుదారముతో ముడివేసిన ముడి యింకను నట్లే యుండెను. ఆమెకు గన్నులు చెమర్చెను. తన సొమ్ము దేవి మెడలో నున్నదని సంతోషింపవలెనో తన్నడుగక తీసి పెట్టిరని కోపింపవలెనో తెలియక గోడకు జేరబడి కూర్చుండెను. దాచుమని యిచ్చిన దానిని వాడుకొనవచ్చునా యను ప్రశ్న మనసును దొలుచుచుండెను.

అంతలో ప్లీడరుగారి భార్య సోమిదేవమ్మ నోరు విప్పెను. ఆమె భర్త న్యాయస్థానమున నెంత వాదించునో యెవరును జూడలేదుగాని యామె వాదమును వీథి యంతయు నెఱుగును. “సుభద్రా, ఈ కాసులపేరు నీ మెడలో నెన్నడును జూడలేదే! ఎప్పుడు చేయించితివి?” అని యడిగెను.

సుభద్రమ్మ ముఖము వికసించెను. “చేయించుట గాదు వదినా. మా వెనుకవాటా మాణిక్యము నామీది ప్రేమకొలది యిచ్చినది. పసుపు కుంకుమలతో దాంబూలముతో బళ్ళెరమునబెట్టి తెచ్చి కన్నకూతురివలె నాచేతి కందిచ్చి కాళ్ళకు మ్రొక్కెను” అనెను.

చావడిలోని స్త్రీలందఱును మాణిక్యాంబవైపు మెచ్చుకోలుగా జూచిరి. ఆమె యింతవఱకును దన సొమ్ము వేళకు రాదేమో యని భయపడినది. ఇప్పుడది తనది కాకయే పోవునేమో యని వణకసాగెను. ఊరకుండెనా యింతమంది సాక్షుల యెదుట నది కానుక యని తానే యొప్పుకొన్నట్లగును. పలికెనా మంగళవేళ శుక్రవారము పూట నమ్మవారి సన్నిధిని దగవుపెట్టిన యమంగళురాలగును. ఎదుటనున్న దీపము రెండుగా మూడుగా గనబడజొచ్చెను. తల్లి ముడివేసిన పచ్చదారము మాత్రము కంటి కడ్డముగా నిలిచెను.

“పిన్నిగారూ, అది ధరావతుగా బెట్టినది” అనెను. ఆ గొంతు తనదేనా యని యామెకే యనుమానము కలిగెను.

సుభద్రమ్మ ముఖము వివర్ణమయ్యెను. అయినను దేరుకొని “ఇదేమి మాటయే తల్లీ! ధరావతు బొట్టుపెట్టి యెవరైన నిత్తురా? పళ్ళెరమునకును గాగితమునకును భేదము లేదా? నీ చేతులతో నిచ్చినది నిజమా కాదా చెప్పుము” అనెను.

“ఇచ్చినది నిజమే. ఒట్టిచేతితో నిచ్చుట బాగుండదని యట్లిచ్చితిని. నా తెలివితక్కువ.”

పేరంటాండ్రలో గుసగుసలు పుట్టెను. కొందఱు పళ్ళెరము పక్షము వహించిరి. కొందఱు పిల్ల యబద్ధమాడునదిగా లేదనిరి. సోమిదేవమ్మ చేతిలోని తాంబూలము నొడిలో బెట్టుకొని తీర్పరివలె నిటారుగా గూర్చుండెను.

“ఉండుడు. పిల్లా, నీవు పళ్ళెరమిచ్చిన పిమ్మట వీరేమి చేసిరి?”

మాణిక్యాంబ జ్ఞాపకము చేసికొనెను. భయమున నింతవఱకు దట్టని సంగతి యిప్పుడు తట్టెను. “ఆ సాయంకాలమే బాబయ్యగారు కంసాలిని బిలిపించి తూయించిరి. ఒక కాసు గీటురాతిమీద గీసియు జూపించిరి. మా వారును నేనును గడపలోనే యుంటిమి.”

సోమిదేవమ్మ మెల్లగా సుభద్రమ్మవైపు దిరిగెను. “కానుకను దూయించుకొన్నవారి నేనింతవఱకు జూడలేదు సుభద్రా! నా పెండ్లిలో మా మేనత్త పెట్టిన గొలుసు సగము రాగియని నేటికిని నాకనుమానమే. అయినను దూయించితినా?” ఎవరో యొకామె కిసుక్కున నవ్వి కొంగు నోట గ్రుక్కుకొనెను. “ధరావతనగా నొరుల సొమ్మును గాపాడి మరల నిచ్చుట. అద్దె బాకీయున్న దానిలో బట్టుకొనవచ్చును. గోడ కూలద్రోసిన బట్టుకొనవచ్చును. ఏమియు లేక పట్టుకొన్న దానికి వేఱుపేరున్నది. ఆ పేరు నేను వ్రతము పూట జెప్పను. మా యింట వారమున కొకమాఱైన నట్టి పేరు వినబడుచునే యుండును.”

సుభద్రమ్మకు గన్నీరు గ్రమ్మెను. కోపముచేతనో సిగ్గుచేతనో చెప్పరాదు. “అయిన నిప్పుడేమి చేయుమందురు? శుక్రవారము సందెవేళ నమ్మవారి మెడనుండి బంగారమూడ్చి గడప దాటింపుమందురా? తీయవే మాణిక్యమా! నీకు జేతులాడినచో నీవే వచ్చి తీసికొనుము” అని కలశమువైపు జేయి చూపెను.

స్త్రీలందఱును శివశివా యనిరి. సోమిదేవమ్మయు లెంపలు వేసికొనెను. మాణిక్యాంబ లేచి నిలువబడెను. ఆమె చేతులు నిజముగానే యాడలేదు. దీపముల వెలుగున దేవి కన్నులు తన్నే చూచుచున్నట్లుండెను. ఆమెయు నా గాలిలోనే పుట్టి పెరిగినది. పూజ జరుగుచుండగా నమ్మవారి మెడ బోడిచేసిన యింటికేమగునో యని యామెకును భయము గలిగెను.

“తీయవలదు పిన్నిగారూ! తల్లి మెడలోనే యుండనిండు. రేపు వేకువ నుద్వాసన యైన పిమ్మట నా చేతికిండు. అంతవఱకు వెనుకవాటా తాళపుచెవి నా కొంగున నుండును. నా సొమ్ము రానిదే నేను బండి యెక్కను. మావారు వెళ్ళినను నేను వెళ్ళను. ఆదివారము క్రొత్తవారు పాలగిన్నెతో వచ్చినపుడును నా పొయ్యిలో నిప్పుండును” అని చెప్పి యమ్మవారికి మ్రొక్కి శనగలును దాంబూలమును బుచ్చుకొని వెడలివచ్చెను. మర్యాద మఱచి రాలేదు. పెరటిలోనికి వచ్చి జరిగినదంతయు భర్తకు జెప్పెను.

విషయము విని యనంతరామయ్య తల పట్టుకొనెను. పెద్దవారితో విరోధమేల తెచ్చితివనెను. రైలు తప్పిన నుద్యోగమేమగుననెను. సోమిదేవమ్మ మాట చెప్పగా గొంత తేఱుకొని న్యాయము మనదేనా యని మరల మరల నడిగెను. మాణిక్యాంబ కా రాత్రి కన్ను మూతపడలేదు. న్యాయము తనదే. కాసులపేరు మాత్రము వారి గదిలో నున్నది. ముందువాటాలో గొళ్ళెము చప్పుడైన నులికిపడెను. మాటలు వినవచ్చిన నూపిరి బిగబట్టెను. తెల్లవాఱునప్పటికి యజమాను డేదో గ్రామమునకు బోయెనని చెప్పిన నేమి చేయవలెను? నగలో సగము మాయమైన నెవరు నమ్ముదురు? కొంగున ముడివేసిన తాళపుచెవి నిమేష నిమేషమునకు దడవి చూచుకొనెను. ఇనుపముక్కను నమ్ముకొని బంగారమునకై కూర్చుండిన తన యవస్థకు నవ్వును వచ్చెను గాని యది పెదవులదాక రాలేదు.

తూర్పు తెల్లబడుచుండ ముందువాటా పెరటితలుపు తెఱవబడెను. సుభద్రమ్మ యొక్కతెయే నిలిచియుండెను. రమ్మని చేసన్న చేసెను. మాణిక్యాంబ లోనికి బోయి చూడగా నుద్వాసన ముగిసియుండెను. కలశము కదల్పబడియుండెను. కాసులపేరు సుభద్రమ్మ చేతనుండెను.

“బాబయ్యగారేరి?” అని యడిగెను.

“నిద్రపోవుచున్నారు” అని సుభద్రమ్మ యనెను. ప్రక్కగదిలో దగ్గు వినబడి వెంటనే యణగిపోయెను.

పిదప సుభద్రమ్మ నేలచూపులు చూచుచు నిట్లనెను. “నా పుట్టింటివారు పెట్టిన సొమ్మంతయు మావారి యుప్పువ్యాపారములో గరగిపోయినది. ఏటేట నమ్మవారికి బసుపుకొమ్ము గట్టి పూజచేసితిని. వీథిలోని యాడువారు వచ్చుదురు. కలశమువైపు జూతురు. ఏమియు ననరు. తాంబూలము పుచ్చుకొని పోవుదురు. ఆ యేమియు ననకపోవుట యెట్లుండునో నీవెఱుగవు మాణిక్యమా! ఈయేడు పెట్టె తెఱచితిని. ఒక్క శుక్రవారము పెట్టి తీయుదమనుకొంటిని. వదిన యడిగినపుడు నోట నామాట జారినది. జారిన పిమ్మట వెనుకకు దీసికొనలేకపోతిని.”

ఆమె చెప్పినది నిజమో కాదో యమ్మవారికే యెఱుక. కాని యామె మెడ మాత్రము నిజమే చెప్పుచుండెను. పసుపుతాడు తప్ప నందేమియు లేదు. ఇన్నినాళ్ళును మాణిక్యాంబ యింటి యజమానురాలినే చూచినది గాని యా మెడను జూడలేదు. ఆమెకు జాలి పుట్టెను. ఒక్క కాసు విడదీసి యీయవలెనని యొక నిమేషము తోచెను కూడ. ఆ నిమేషముననే భీమునిపట్నమున మూసియున్న తలుపొకటి కన్నులకు గట్టెను. ఆమె యీయలేదు. జాలిపడుట తన చేతిలోనున్నది. ఇల్లు లేకుండుట తన చేతిలో లేదు.

కుడిచేయి చాచి తాళపుచెవి నందీయబోయెను. ఎడమచేయి కాసులపేరునకై చాచెను. ఎవరు ముందు విడుచుటయో తెలియక యిద్దఱి చేతులును గొంతసేపట్లే యాగియుండెను. పిదప నొక్కమాఱే రెండును మాఱెను. కాసు కాసును వ్రేళ్ళతో దడవి చూచుకొని పచ్చదారపు ముడిని జూచుకొని మాణిక్యాంబ యామె పాదములకు మ్రొక్కెను. సుభద్రమ్మ తాళపుచెవిని గొంగున ముడివేసికొనెను.

గుఱ్ఱపుబండి కదలిన పిమ్మట మాణిక్యాంబ కాసులపేరును మెడలో వేసికొనెను. రైలులో దొంగలుందురు కొంగు కప్పుకొమ్మని యనంతరామయ్య హెచ్చరించెను. ఆమె వినలేదు. సామర్లకోటలో బండి మాఱునపుడును గిటికీచెంత గూర్చుండి పొలములను జూచుచున్నపుడును జేయి పలుమాఱు మెడమీదికే పోవుచుండెను. బంగారము మెల్లమెల్లగా నొంటివేడిమి పట్టుచుండెను. తల్లి మెడలో దాను చిన్ననాడు చెంపనానించుకొన్నపుడు నదియట్లే వెచ్చగా నుండెడిది. గెలిచితినని యామెకు దోచలేదు. తనది తనకు వచ్చినది. న్యాయము దక్కినచోట నెల్ల సంతోషముకూడ దక్కవలెనను నియమమేదియు లేదు. తన సొమ్ము దాను దెచ్చుకొనుటకే యొకరి కంట నీరు చూడవలసివచ్చిన లోకమున నెవరు గెలిచినట్లు?

దీపములు పెట్టువేళకు వారు భీమునిపట్నము చేరిరి. సముద్రపుహోరు వినబడు నొక చిన్నవీథిలో మిత్రుడు చూపిన యింటి యెదుట బండి నిలిచెను. అనంతరామయ్య తలుపు దట్టెను. లాంతరు చేతబట్టుకొని యింటి యజమానురాలు తలుపు దెఱచి రండు రండని నవ్వుమొగముతో నాహ్వానించెను. ఆమె చూపు మాత్రము తొలుత మాణిక్యాంబ మొగముపై గాక మెడపై వ్రాలి యచ్చటనే నిలిచెను. మాణిక్యాంబ మూటను నేలబెట్టి రెండు చేతులును మెడవెనుకకు జాచి కాసులపేరు కొక్కెమును విప్పుకొనసాగెను.